సున్న సత్యమా, అసత్యమా?

కంప్యూటరు ఏ పని చేయవలెనన్నను అడుగడుగునకు ఒక ప్రశ్నకు సమాధానము తెలిసికొనవలసి యుండును. “ఇది సత్యమా, అసత్యమా?” సత్యమైనచో ఒక త్రోవను, అసత్యమైనచో మరియొక త్రోవను పోవును. కాని కంప్యూటరు దాచుకొనునవి అన్నియు అంకెలే. కావున సత్యాసత్యములను సైతము దానికి సంఖ్యలతోనే తెలుపవలెను.

ఈ మార్గమును చూపినవాడు జార్జి బూల్ అను ఆంగ్ల గణితవేత్త. ఆయన 1847 లోను, 1854 లోను ప్రకటించిన గ్రంథములలో తర్కమును బీజగణితమువలె నడిపి, సత్యమునకు 1, అసత్యమునకు 0 గుర్తులుగా వాడెను. 1937 లో అమెరికా దేశమున క్లాడ్ షానన్ అను యువకుడు ఈ బీజగణితము విద్యుత్ స్విచ్చుల అమరికకు చక్కగా సరిపోవునని నిరూపించెను.

మరి 5 సత్యమా? 100 సత్యమా? ఇచ్చట ప్రోగ్రామింగు భాషలు వేర్వేరు త్రోవలు త్రొక్కినవి. 1972 ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపొందించిన సీ భాషలో 0 అసత్యము; 0 కాని ప్రతి సంఖ్యయు సత్యము. పైథాన్ భాషయు ఈ నియమమునే పాటించును. ఆ భాషలో సత్యమును సత్యముతో కూడినచో 2 వచ్చును! జపాను దేశీయుడైన యుకిహిరో మాత్సుమోతో 1995 లో వెలువరించిన రూబీ భాషలోనైతే 0 కూడ సత్యమే. జావా భాష మిక్కిలి కఠినమైనది. సత్యాసత్యములు ఉండవలసిన చోట సంఖ్యను వ్రాసినచో ఆ ప్రోగ్రామును అంగీకరింపనే అంగీకరింపదు.

యూనిక్స్ పద్ధతిలో ఇంకొక వింత కలదు. ఒక ప్రోగ్రాము తన పనిని సరిగా ముగించినచో 0 ను, చెడినచో వేరొక సంఖ్యను తెలుపును. పని నెరవేరినదని చెప్పుటకు ఒక్క సంఖ్య చాలును; చెడుటకు కారణములు పెక్కు గనుక సంఖ్యలును పెక్కు కావలెను.

ఈ భేదములు తెలియనిచో కలుగు కీడు ఎట్టిదో చూడుడు. ఒక బాలుడు పరీక్షకు రాలేదు. అతని మార్కుల గడి ఖాళీగా నున్నది. వేరొక బాలుడు వచ్చి పరీక్ష వ్రాసెను. అతనికి 0 వచ్చినది. పైథాన్ భాషలో “మార్కులు ఉన్నవా?” అను భావముతో ఆ గడి విలువనే షరతుగా ఉంచినచో, ఖాళీయు అసత్యమే, సున్నయు అసత్యమే. కంప్యూటరు ఇద్దరిని రానివారిగనే లెక్కించును. కష్టపడి కూర్చుండి వ్రాసిన బాలునికి ఇది అన్యాయము కాదా? “గడి ఖాళీగా నున్నదా?” అని స్పష్టముగా అడిగినచో ఈ పొరపాటు జరుగదు.

సున్నయు ఒక సంఖ్యయే. క్రీ.శ. 628 లోనే బ్రహ్మగుప్తుడు తన బ్రహ్మస్ఫుట సిద్ధాంతమున సున్నతో చేయు కూడిక, తీసివేతలకు సూత్రములు చెప్పెను. ఏమియు లేకుండుట వేరు, ఉన్నది సున్న యగుట వేరు. సున్న సత్యమా, అసత్యమా అనునది ఆయా భాషలను కల్పించినవారు చేసికొన్న ఏర్పాటు. ఆ ఏర్పాటును ముందుగా తెలిసికొని, తాను అడుగదలచిన ప్రశ్నను సందేహమునకు తావు లేకుండ అడుగుట ప్రోగ్రాము వ్రాయువాని ధర్మము. యంత్రము మన మనస్సులోని మాటను గ్రహింపలేదు. మనము వ్రాసిన మాటనే పాటించును.