క్యూ కర్ర కూడు పెడుతుందా?

మన పట్టణాల్లో స్నూకర్ పార్లర్లు కొత్తేమీ కాదు. మగ్రిబ్ తరువాత ఇంటికి చేరవలసిన కుర్రవాడు ఆలస్యం చేస్తే తండ్రి ముందుగా వెతికేది అక్కడే. ఆ కుర్రవాడు నిజంగా బాగా ఆడుతూ, "అబ్బా, ఇదే నా వృత్తి" అంటే పెద్దలు ఏం చెప్పాలి? కోప్పడే ముందు ఈ ఆటనే నమ్ముకున్నవారి చరిత్రను ఒకసారి తెలుసుకోవడం మంచిది.

పుట్టింది ఇక్కడే

స్నూకర్ పరాయి ఆట అనుకుంటాం. కాని 1875లో జబల్‌పూర్ సైనిక శిబిరంలో నెవిల్ చాంబర్లేన్ అనే బ్రిటిష్ అధికారి దీనికి రూపమిచ్చాడు. 1882లో ఊటీ క్లబ్బులో నియమాలు ఖరారయ్యాయి. వృత్తి ఆటగా మారింది మాత్రం ఇంగ్లాండులో. 1927లో జో డేవిస్ చొరవతో తొలి ప్రపంచ పోటీ జరిగింది. గెలిచిన ఆయనకు ముట్టింది ఆరు పౌండ్ల పది షిల్లింగులు మాత్రమే! 1946 వరకు ఆయనే 15 సార్లు విజేత.

తరువాత జనం మొహం తిప్పుకున్నారు. 1958 నుండి 1963 వరకు ప్రపంచ పోటీయే జరగలేదు. ఎంత గొప్ప ఆటగాడైనా, చూసేవాడూ డబ్బు పెట్టేవాడూ లేకపోతే అతని విద్య వృథా అని ఆ ఆరేళ్లు నేర్పాయి.

సిగరెట్టు సొమ్ము

1969లో బి.బి.సి. రంగుల టెలివిజన్‌లో స్నూకర్ కార్యక్రమం మొదలుపెట్టింది. ఆకుపచ్చ బల్ల మీద రంగు రంగుల బంతులు ఆ కొత్త పెట్టెకు సరిగ్గా సరిపోయాయి. 1977 నుండి షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్ ప్రపంచ పోటీకి నెలవైంది. 1985లో డెన్నిస్ టేలర్, స్టీవ్ డేవిస్‌ల ఫైనల్ ఆఖరి నల్ల బంతి దాకా సాగింది. అర్ధరాత్రి దాటినా కోటీ 85 లక్షల మంది టీవీల ముందు కూర్చున్నారు.

ఈ వైభవం వెనుక ఉన్నది సిగరెట్టు కంపెనీ. 1976 నుండి 2005 వరకు ప్రపంచ పోటీకి అదే పోషకురాలు. పొగాకు ప్రకటనలను చట్టం నిషేధించగానే ఆ ధార ఆగిపోయింది. 2006లో ఆ స్థానంలోకి వచ్చింది ఇంటర్నెట్ జూదం కంపెనీ. 2009-10 సీజన్ నాటికి ర్యాంకింగ్ పోటీలు ఆరుకు చేరాయి. 2010లో బారీ హెర్న్ పగ్గాలు పట్టాక మళ్లీ పెరిగాయి. 2024-25లో 18 జరిగాయి.

పందెం నీడ

పందేల సొమ్ముతో నడిచే ఆటకు పందేల తెగులు కూడా సోకుతుంది. 2023 జూన్‌లో మ్యాచ్ ఫిక్సింగ్, పందేల కేసులో పదిమంది చైనా ఆటగాళ్లపై నిషేధం పడింది. వారిలో ఇద్దరికి జీవితకాల నిషేధం. మరొకరు జావో షింతోంగ్. ఆయన తన మ్యాచ్‌లు అమ్ముకోలేదు, కాని స్నూకర్‌పై పందేలు కాశాడు, మరొకరి ఫిక్సింగ్‌లో భాగమయ్యాడు. 20 నెలల నిషేధం అనుభవించి, అమెచ్యూర్‌గా తిరిగివచ్చి, 2025లో ప్రపంచ విజేత అయ్యాడు. ఆసియా నుండి ఆయనే మొదటివాడు. తప్పు దిద్దుకున్నవాడికి దారి ఉంటుందని ఆయన కథ చెబుతోంది. జీవితకాల నిషేధం పడినవారి కథ దానికి రెండవ వైపు. జూదాన్ని ఖురాన్ ఎందుకు అంత గట్టిగా వారించిందో మన పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

మాటల కోటలు

పూల్ ఆటది మరో గుణపాఠం. 2005లో అమెరికాలో కెవిన్ ట్రూడో అనే వ్యాపారి భారీ బహుమతులతో కొత్త టూర్ ప్రకటించాడు. 2006లో రీనోలో జరిగిన పోటీలో ఫిలిప్పీన్స్ దిగ్గజం ఎఫ్రెన్ రేయస్ గెలిచాడు. ఆయన బహుమతి అయిదు లక్షల డాలర్లు. కాని ఆటగాళ్లకు సొమ్ము సకాలంలో అందలేదు, వాయిదాల మీద వచ్చింది. టూర్ కుప్పకూలింది.

మనవాళ్లు

ముంబయికి చెందిన యాసిన్ మర్చంట్ 1989లో, 2001లో ఆసియా స్నూకర్ విజేత. వృత్తి స్నూకర్‌లోకి వెళ్లిన తొలి భారతీయుడాయనే. 1994లో పాకిస్తాన్ ఆటగాడు మహమ్మద్ యూసుఫ్ ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ కిరీటం గెలిచాడు. 2022లో ఇరాన్‌కు చెందిన హుసేన్ వఫాయీ తన దేశానికి తొలి ర్యాంకింగ్ టైటిల్ తెచ్చాడు. బిలియర్డ్స్, స్నూకర్ రెండింటిలో ఎన్నో ప్రపంచ టైటిళ్లు గెలిచిన పంకజ్ అద్వానీ మాత్రం 2012లో వృత్తి టూర్‌లో చేరి, రెండు సీజన్లకే వదిలి వచ్చాడు.

ఆ టూర్ మన గుమ్మం దాకా కూడా వచ్చింది. ఇండియన్ ఓపెన్ 2016లో హైదరాబాద్‌లో, 2017లో విశాఖపట్నంలో జరిగింది. 2019లో కొచ్చి పోటీతో ఆ వరుస ఆగింది.

రేపటి మాట

2024లో రియాద్‌లో జరిగిన సౌదీ మాస్టర్స్ మొత్తం బహుమతి ఇరవై లక్షల పౌండ్లు దాటింది. గెలిచిన జడ్ ట్రంప్‌కు అయిదు లక్షలు, అంటే ప్రపంచ విజేతకు ఇచ్చినంత. అంతకు ముందు పొగాకు, తరువాత పందెం, ఇప్పుడు చమురు దేశపు ఖజానా. పోషకుడు మారినప్పుడల్లా ఆట తలరాత మారుతూ వచ్చింది. రేపు కూడా ఇంతే.

పైన ఉన్నవారి సొమ్మే మనకు కనిపిస్తుంది. టూర్‌లో చోటు సుమారు 128 మందికే. కొత్తవారికి ఆ చోటు దక్కేది రెండేళ్లకు. ఆలోగా మొదటి 64 మందిలోకి రాకపోతే మళ్లీ అర్హత పోటీలే గతి. ప్రయాణం, బస ఖర్చులు ఆటగాడివే. ఓడినవారి కష్టం చూసే 2022-23లో ఏడాదికి 20 వేల పౌండ్ల కనీస రాబడికి హామీ ఇచ్చారు. ఇంగ్లాండులో అద్దె కట్టి బతకవలసిన మన కుర్రవాడికి అది ఏపాటి?

కాబట్టి తల్లిదండ్రులకు మేము చెప్పేది ఇదే. పిల్లవాడి చేతిలో నిజంగా విద్య ఉంటే క్యూ కర్ర విరిచేయకండి. చదువు పూర్తి చేయించండి. జాతీయ స్థాయి పోటీల్లో నిలబడగలడేమో చూసి, ఆపైన నిర్ణయించండి. పార్లర్‌లో పది రూపాయల పందేనికైనా చెయ్యి చాచకుండా మాత్రం మొదటి రోజు నుండే కట్టడి చేయండి.