తలమీద వేడినీళ్ళు, మెదడులో కొత్త దారులు

మా అమరాపురం ప్రాంతంలో తలస్నానమంటే రాగి అండాలో కాగిన నీళ్ళను చెంబుతో నెత్తిమీద ధారగా పోసుకోవడమే. గోరువెచ్చని నీళ్ళతో చేసేది స్నానమే కాదనే పెద్దలు నేటికీ ఉన్నారు. అటువంటి ఇంటినుండి సుమారు ముప్పై ఏళ్ళ క్రిందట ఒక తల్లి తన తొమ్మిదేళ్ళ కుమారుని నా వద్దకు తీసికొని వచ్చింది.

“సామీ, పిల్లోడు ఉత్తప్పుడు బాగానే ఉంటాడు. ఆదివారం తలకు నీళ్ళు పోస్తే చాలు, బిగుసుకుపోతాండాడు” అన్నది.

గాలి సోకిందని ఇంటివారు అప్పటికే తాయెత్తు కట్టించారు. పట్నం డాక్టరు మాత్రలు వ్రాసి ఇచ్చారు. ఆమె మరొక సంగతి కూడా చెప్పింది. పడిపోయేముందు బాలుడు చెంబు తానే లాగుకొని, వద్దన్నా వినక గబగబా నీళ్ళు పోసుకొనేవాడట. అల్లరి అనుకొన్నారు. నేనూ అలాగే అనుకొన్నాను.

అది అల్లరి కాదు, వ్యాధిలక్షణమే. ఆధునికులు దీనిని ‘హాట్ వాటర్ ఎపిలెప్సీ’ అంటారు. మనం వేడినీటి మూర్ఛ అనవచ్చును. దక్షిణ భారతంలో, విశేషించి దక్షిణ కర్ణాటకలో ఇది ఎక్కువ. మా ఊరికి కర్ణాటక పొలిమేరలోనే ఉన్నది. బెంగుళూరు నిమ్‌హాన్స్ వైద్యులు దశాబ్దాలుగా ఇటువంటి రోగులను పరిశీలించారు. 40 నుండి 50 డిగ్రీల వేడిగల నీరు తలపై పడినప్పుడు మూర్ఛ వస్తుంది. స్త్రీలకంటె పురుషులలో అధికం. కొందరికి ఆ సమయంలో ఒక విధమైన సుఖం తోచి, ఇంకా ఇంకా నీళ్ళు పోసుకొంటారు.

అష్టాంగహృదయం సూత్రస్థానంలో వాగ్భటాచార్యులు, ఉష్ణోదకం నడుము దిగువ భాగానికి బలమనీ, శిరస్సున పోసుకొంటే కేశములకు, నేత్రములకు బలహాని అనీ చెప్పారు. ఆయన అక్కడ మూర్ఛమాట ఎత్తలేదు. లేనిదానిని నేను అతికించను. కాని గురువుగారి సన్నిధిలో కంఠస్థం చేసిన ఆ శ్లోకం నోటికి వచ్చినదే గాని, ఆనాడు నా బుద్ధికి రాలేదు. నీటి వేడి తగ్గించమని నేను చెప్పలేదు. బ్రాహ్మీఘృతం ఇచ్చాను. కొన్నాళ్ళకు “మాత్రలు కూడా మింగల్లా సామీ?” అని తల్లి అడిగినప్పుడు, ఘృతం ఉండగా మాత్రలెందుకమ్మా అన్నాను.

ఏడాది తిరుగకముందే ఆ బాలుడు బడిలో, నీటి చుక్క తగలకుండానే పడిపోయాడు.

ఎందుకిలా జరిగిందో నాకు చాలాకాలం తరువాత గాని బోధపడలేదు. మూర్ఛ తన వెనుక మరొక మూర్ఛకు దారి చేసి పోతుందని ఇంగ్లండు వైద్యుడు గోవర్స్ 1881లోనే తలచాడు. 1960ల చివర కెనడాలో గొడ్డార్డ్ అనే శాస్త్రజ్ఞుడు ఎలుకల మెదడుకు ప్రతిదినం బహు స్వల్పమైన విద్యుత్తును తాకించాడు. మొదట ఏమీ కాలేదు. దినాలు గడచినకొద్దీ అదే స్వల్ప విద్యుత్తుకు ఎలుకలు మూర్ఛపోసాగాయి. చిదుగులు రాజుకొన్నట్లుండుటచేత దీనికి ‘కిండ్లింగ్’ అని పేరు పెట్టారు. నిమ్‌హాన్స్ పరిశోధకులు ఎలుకలకు వేడినీటితోనే పదేపదే మూర్ఛ కలిగించి చూసిన ఫలితాలు 2006లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వెలువడ్డాయి. అక్కడా ఈ రాజుకొనడమే కనబడింది. దానితోపాటు మెదడులో నాడీతంతువులు కొత్తగా మొలకెత్తడం కూడా కనబడింది.

ఆ మొలకల సంగతి కొంచెం వివరిస్తాను. జ్ఞాపకశక్తికి ముఖ్యమైన హిప్పోకాంపస్ అనే భాగంలో గ్రాన్యూల్ కణాలున్నాయి. వాటి తంతువులను పాచివలె కనబడుటచేత మాసీ తంతువులంటారు. సహజంగా అవి ముందుకు సాగి తరువాతి వరుస కణాలకు కబురు అందిస్తాయి. తీవ్రమైన మూర్ఛలు మాటిమాటికీ వస్తే కొన్ని కణాలు నశిస్తాయి. అప్పుడు తంతువులు పిలకలు వేసి, వెనుకకు మళ్ళి, తమ సాటి గ్రాన్యూల్ కణాలనే పట్టుకొంటాయి. ముందుకు పోవలసిన కబురు అక్కడే సుడి తిరుగుతుంది. చేనిలో కాలువకు ఒకసారి గండి పడితే నీరు మరల అటే పరుగెత్తడం మన రైతులందరికీ అనుభవమే గదా! అయితే ఈ పిలకలే మూర్ఛకు కారణమా, మూర్ఛ మిగిల్చిన గుర్తులా అన్న వాదం పండితులలో ఉన్నది.

వేడినీటి మూర్ఛ గలవారందరికీ ఇట్లు జరుగదు. చాలామందికి నీటి వేడి తగ్గించుటతోనే నెమ్మదిస్తుంది. కొందరికి స్నానానికి గంట, గంటన్నర ముందు వేసికొనే క్లోబజామ్ మాత్రను నరాల వైద్యులు వ్రాస్తారు. కొందరికి మాత్రం కొన్నేళ్ళకు స్నానంతో నిమిత్తం లేని మూర్ఛలు మొదలవుతాయి. మాత్రలు మూర్ఛను అదుపులో ఉంచుతాయే గాని పడిన దారులను చెరపవు. వాటిని హఠాత్తుగా మానిపించడం ప్రమాదకరం. ఆ బాలుని విషయంలో నా మాటవల్లనే జరిగిందని ఎవరూ తేల్చలేరు. కాదని నేనూ చెప్పుకోలేను.

గృహిణులు గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళపుచెవులు పెట్టవద్దు, నోటిలో చెంచా దూర్చవద్దు, నీళ్ళు పోయవద్దు. ప్రక్కకు ఒత్తిగిలబెట్టి కాచుకొని ఉండండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మరల వచ్చినా వెంటనే ఆసుపత్రికి చేర్చండి. నీళ్ళగదికి గడియ వేసికొననీయవద్దు.

నేనే వెంటబెట్టుకొని బెంగుళూరు తీసికొనిపోయి ఆ బాలునికి మరల మాత్రలు మొదలుపెట్టించాను. ఇప్పుడతనికి నలభై ఏళ్ళు సమీపించాయి. మాత్రలు ఇంకా వాడుతూనే ఉన్నాడు. ఆదివారం నాడు అతని భార్య మోచేయి ముంచి చూసిన తరువాతనే బకెట్టు నీళ్ళగదిలోకి వెళుతుంది.