పాత ట్రాక్టరు బ్రేకులు

నెక్కొండ ప్రాంతమున పండిన మిరప బస్తాలను ట్రాలీకెత్తి వరంగల్ ఎనుమాముల మార్కెట్టునకు బయలుదేరు పాత ట్రాక్టరు హైడ్రాలిక్ బ్రేకులు గలదైనచో, అంతటి భారమును నిలుపు బాధ్యత మాస్టరు సిలిండరులోని చిన్న రబ్బరు వాషరులపైననే యుండును. త్రొక్కిపట్టిన పెడలు మెల్లమెల్లగా క్రిందికి జారుచున్నచో, వెలుపల చెమ్మ కానరాకున్నను, అవి అరిగినవేమోయని అనుమానింపవలయును. సిలిండరు విప్పి లోగోడను తడిమినప్పుడు తుప్పు తిన్న గుంట గోటికి తగిలెనా, క్రొత్త వాషరు సైతము కొలదినాళ్ళకే చిరుగును గనుక సిలిండరునే మార్చుట మేలు.

ద్రవము విషయమున ఏమరుపాటు బొత్తిగా కూడదు: కొన్ని బండ్లకు గ్లైకాల్ ద్రవము, కొన్నిటికి ఖనిజతైలము; ఒకదానికి బదులు మరియొకటి పోసిన రబ్బరు ఉబ్బి చెడును. గాలిలోని తేమను పీల్చు డాట్ 3 అను గ్లైకాల్ ద్రవము, క్రొత్తదైనప్పుడు కనీసము 205 డిగ్రీల వరకు మరుగనిదైనను, తేమ పట్టిన పిమ్మట 140 డిగ్రీలకే మరుగవచ్చును. గొట్టములలో గాలిబుడగ మిగులకుండ తీసి, రోడ్డెక్కుటకు ముందు కుడి ఎడమ బ్రేకు పెడళ్ళు రెంటిని జతపరుపవలయును.