వేదికెక్కిన బైబిల్: పండవానీ నేల నుంచి ఫ్రెంచి ఒపెరా వైపు

పవిత్రగ్రంథంలోని కథను వేదికపై పాడి అభినయించటం భిలాయి ప్రాంతంలో ఎవరికీ వింతగా తోచదు. మహాభారతాన్ని ఛత్తీస్‌గఢీలో గానం చేసే పండవానీ ఈ నేల కళ. భిలాయి దగ్గరి గనియారీలో పుట్టి, ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసి, 2019లో పద్మవిభూషణ్ అందుకున్న తీజన్ బాయి చేతిలో తంబూరా ఒక క్షణం భీముని గద, మరుక్షణం అర్జునుని విల్లు. స్త్రీలు కూర్చుని పాడే వేదమతీ పద్ధతిని కాదని, పురుషులదిగా చెల్లుతున్న కాపాలిక పద్ధతిలో ఆమె నిలబడి పాడారు; పాడినందుకు కులస్థుల వెలివేతనూ భరించారు. అయితే ఆ అభ్యంతరం గాయని స్త్రీ కావటం పైనే గాని, భారతకథ వేదికెక్కటంపై కాదు. ఫ్రాన్సులో బైబిల్ కథను ఒపెరాగా ఆడబోతే అడ్డంకి కథకే ఎదురైంది.

ఒపెరా అంటే మాటలు సైతం చాలావరకు పాటగానే సాగుతూ, పెద్ద వాద్యబృందం తోడుగా నడిచే సంగీతనాటకం. గ్రీకు దేవతల ప్రణయాలు ఆడే వేదికపైకి బైబిల్ పాత్రలను తేవటం అపచారమని ఫ్రాన్సులో చాలాకాలం భావించారు. అందుకే షార్పాంటియే రచించిన 'దావీదు, యోనాతాను' 1688లో పారిస్‌లోని జెస్యూట్ కళాశాలలో, ఒక లాటిన్ నాటకపు అంకాల నడుమ ప్రదర్శితమైంది. 1732లో మాంతెక్లేర్ 'యెఫ్తా' పారిస్ ఒపెరాకు చేరినా, వోల్తేర్ రాయగా రామో స్వరపరచిన 'సమ్సోను' నిషేధానికి గురై అసలు వేదికే చూడలేదు.

శతాబ్దం దాటాక అదే సమ్సోను కథను చేపట్టిన స్వరకర్త సాం-సాన్స్ తొలుత ఒరటోరియో, అంటే వేషాభినయాలు లేకుండా పాడే పవిత్రకథాగానం, రాయదలచాడు. గీతరచయిత లెమేర్ ప్రోత్సాహంతో అది ఒపెరాగా మారింది. పారిస్ ముందుకు రాకపోగా, స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ చొరవతో 1877లో జర్మనీలోని వైమార్‌లో, అదీ జర్మన్ భాషలో, తొలి ప్రదర్శన జరిగింది. పారిస్ ఒపెరా దానిని 1892లో గాని స్వీకరించలేదు. మస్నే రచించిన 'హేరోదియ' కూడా 1881లో బ్రసెల్స్‌లోనే వెలుగు చూసింది.

సాం-సాన్స్ ఒపెరా నిరీక్షణ వృథా కాలేదనటానికి, సమ్సోనును వలపుతో వంచించి శత్రువులకు పట్టించే దెలీలా పాత్రే సాక్ష్యం. బైబిల్‌లోని న్యాయాధిపతుల గ్రంథంలో ఆ శత్రువులైన ఫిలిష్తీయుల సర్దారులు ఆమెకు వెండి నాణేలు ఎరచూపుతారు. ఒపెరాలో ప్రధానయాజకుడు ఇవ్వజూపిన బంగారాన్ని ఆమె తోసిపుచ్చి, పగ కోసమే సమ్సోనును వంచిస్తుంది. ధనాశ స్థానంలో పగ నిలవటంతో, శోరేకు లోయలో ఆమె పాడే ప్రేమగీతం ఎంత మధురంగా వినిపిస్తే అంత భయం గొలుపుతుంది. మూడవ అంకంలో కన్నులు పోయి, బలానికి ఆధారమైన జుట్టు కోల్పోయి, తిరగలి తిప్పుతూ సమ్సోను చేసే ప్రార్థన ఈ రచనలో అన్నిటికంటె ఉన్నతమైన ఘట్టం. కథ ముందే తెలిసి వినటంలోని ఆనందం పండవానీ శ్రోతలకు కొత్త కాదు గనుక, న్యాయాధిపతుల గ్రంథంలోని 16వ అధ్యాయం చదివి ఈ అంకం వింటే ఫ్రెంచి రాకపోయినా భావం అందుతుంది.