కట్టుడు పళ్లు నడిమికి విరుగుతున్నాయా?

చేయించుకొని రెండేళ్లయినా నిండకముందే పైపళ్ల సెట్టు సరిగ్గా నడిమధ్యన రెండు ముక్కలు కావడం దంతవైద్యశాలల్లో తరచూ వినిపించే ఫిర్యాదు. నాసిరకం సరుకు వాడారన్నది రోగుల ఆరోపణ. ఒక్కోసారి అది నిజమే కావచ్చు. కానీ చాలా సందర్భాల్లో లోపం సెట్టు ఆనుకొని ఉన్న చిగుళ్లలోనో, ఇంట్లో దాన్ని వాడే తీరులోనో ఉంటోంది.

తీసి పెట్టుకొనే సెట్లలో పళ్లను పట్టి ఉంచే గులాబీరంగు భాగాన్ని ఎక్కువగా ఆక్రిలిక్ రెసిన్‌తో చేస్తారు. దీని రసాయన నామం పాలీ మిథైల్ మెథాక్రిలేట్. గాజుకు బదులుగా వాడే పారదర్శక ఆక్రిలిక్ పలకలదీ ఇదే జాతి. 1930వ దశకం చివర్లో ఇది వచ్చేదాకా వల్కనైట్ అనే గట్టి రబ్బరుతో సెట్లు కట్టేవారు.

ఉడికే తీరులోనే బలం

రెసిన్ పొడిని, ద్రవాన్ని కొలత ప్రకారం సుమారు మూడుకు ఒకటి పాళ్లలో కలిపి, ఆ ముద్దను అచ్చులో బిగించి నీటిలో ఉడికిస్తారు. 74 డిగ్రీల సెల్సియస్ వద్ద దాదాపు 8 గంటలు ఉంచడం ఒక పద్ధతి. అదే వేడిలో గంటన్నర ఉంచి, ఆపై గంటసేపు మరిగించడం మరొకటి. ఈ ద్రవం 100 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. తొందరపడి వేడి పెంచితే లోపల బుడగలు మిగిలిపోతాయి. పైకి నున్నగా కనిపించే సెట్టు వాటి దగ్గరే బలహీనపడుతుంది.

వేడి అవసరం లేకుండా గట్టిపడే రెసిన్ కూడా ఉంది. అది ప్రధానంగా మరమ్మతులకు ఉద్దేశించినది. ఉడికించిన రెసిన్‌లో గట్టిపడకుండా మిగిలే ద్రవం అర శాతం లోపే కాగా, ఇందులో 3 నుంచి 5 శాతం వరకు ఉండవచ్చు. మిగిలిన ద్రవం బలాన్ని తగ్గించడమే కాక కొందరికి నోట్లో మంట పుట్టిస్తుంది. గంటల్లో సెట్టు సిద్ధం చేస్తామని ఎవరైనా అంటే ఏ రకం వాడుతున్నారో అడిగి తెలుసుకోవడం మేలు.

త్రాసులా ఊగే సెట్టు

పళ్లు పోయిన తర్వాత దవడ ఎముక ఏటికేడు తరిగిపోతుంది. అంగిలి మధ్యభాగం మాత్రం అంతగా మారదు. రెండు పక్కలా ఆధారం తగ్గడంతో సెట్టు మధ్యగీత మీద త్రాసులా ఊగడం మొదలవుతుంది. నమిలిన ప్రతిసారీ రవ్వంత వంగుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే తెగినట్టే, కొన్నాళ్లకు ఇదీ పగులుతుంది. పైపెదవి లోపలి మడతకు చోటివ్వడానికి ముందుభాగాన పెట్టే గాడి దగ్గర పగులు మొదలవడం సాధారణం. అందుకే అమరికను సరిచేయకుండా ముక్కలను ఎంత బాగా అతికించినా మళ్లీ అక్కడే విరుగుతుంది. చిగుళ్లకు తగినట్టు లోపలివైపు కొత్త పొర వేయడాన్ని రీలైనింగ్ అంటారు. ఏడాదికోసారి పరీక్ష చేయించుకుంటే దాని అవసరం ముందే తెలుస్తుంది.

ఇంట్లో జిగురుతో అతికించడం అన్నింటికన్నా ప్రమాదకరం. అంచులు వెంట్రుకవాసి తప్పినా సెట్టు చిగురును ఒరుస్తుంది. ఆ తర్వాత వైద్యుడు కూడా ముక్కలను సరిగా కలపలేని పరిస్థితి వస్తుంది. భోజనం చేస్తుండగా ముక్క ఊడి గొంతులోకి జారితే మరీ చిక్కు. సాధారణ ఆక్రిలిక్ ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపించదు.

కచ్చిక వద్దు, వేడినీళ్లూ వద్దు

సహజ దంతాల పింగాణీ పొరతో పోలిస్తే ఆక్రిలిక్ చాలా మెత్తన. కచ్చిక, ఉప్పు, పళ్లపొడి, చివరకు టూత్‌పేస్టు కూడా దానిపై గీతలు పెడతాయి. ఆ గీతల్లో తాంబూలపు మరకతో పాటు శిలీంధ్రాలూ తిష్ఠ వేస్తాయి. మెత్తని బ్రష్షు, కాస్త సబ్బునీరు చాలు. చేయి జారినా దెబ్బ తగలకుండా కింద నీళ్లున్న బేసిన్ పెట్టుకోవాలి. మరిగే నీటిలో వేస్తే సెట్టు వంకర పోతుంది. గూట్లో పొడిగా వదిలేస్తే, పీల్చుకున్న నీరు ఆరిపోయి ఆకృతి స్వల్పంగా మారుతుంది. రాత్రి తీసి మామూలు నీటిలో ఉంచడమే సరైన పద్ధతి. బ్లీచింగ్ ద్రావణంలో 10 నిమిషాలకు మించి ఉంచరాదని అమెరికా ప్రోస్థోడాంటిస్టుల కళాశాల 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి.

రబ్బరు కలిపి దెబ్బకు ఓర్చుకొనేలా చేసిన రెసిన్లు, కంప్యూటర్ సాయంతో దిమ్మె నుంచి చెక్కే సెట్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఖర్చు ఎక్కువ. వంగే నైలాన్ సెట్లు సులువుగా విరగవు కానీ, పాడైతే బాగుచేయడం కష్టం.

సెట్టు ఒరుసుకొని పడిన పుండు రెండు వారాలు దాటినా మానకపోతే క్యాన్సర్ కాదని నిర్ధారించుకోవడానికి వైద్యుడికి చూపించాలి. హైదరాబాద్, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలున్నాయి. సెట్టు విరిగితే చిన్న ముక్కను కూడా పారేయకుండా అన్నీ వెంట తీసుకెళ్లాలి.