తొట్లకొండ దారిలో

విశాఖపట్టణం నుండి భీమునిపట్టణానికి పోవు తీరమార్గంలో సెలవుదినాన ప్రయాణించేవారి చూపు సహజంగా కుడివైపు కెరటాల మీదనే నిలుస్తుంది. మేము మాత్రం ఎడమవైపు కొండల పేర్లను గురించి ఆలోచిస్తూ సాగినాము. ఒకటి తొట్లకొండ, మరొకటి బావికొండ. రెండు పేర్లూ నీటిని బట్టి వచ్చినవే.

1976లో నౌకాదళం వారి విమాన సర్వేక్షణలో బయటపడిన తొట్లకొండపై సుమారు రెండువేల ఏండ్ల క్రిందట బౌద్ధ భిక్షువులు నివసించారు. ఎదుట కనుచూపు మేర సముద్రమే గాని అది త్రాగుటకు పనికిరాదు. అందుచేత వారు కొండరాతిని తొట్లవలె తొలిచి వాననీటిని నిలువ చేసుకున్నారు. స్తూపాలు, విహారాలు శిథిలమైనవి. భిక్షువులను మరచిన ప్రజలు వారి తొట్లను మాత్రం మరువలేదు. స్తూపం ఎత్తు ఎంత అని అడిగే మన విద్యార్థులు తొట్టి లోతు ఎందుకు అడుగరో!

నేటి విశాఖకూ నీరే సమస్య. ఉక్కు కర్మాగారానికి 153 కిలోమీటర్ల ఏలేరు కాలువ గుండా కణితి జలాశయానికి నీరు రావలసి ఉన్నది. నగరంలోని కుళాయిలకూ చాలవరకు దూరపు నీరే ఆధారం. మన కళాశాల డాబాపై కురిసే వాన మాత్రం గొట్టంలో దిగి నేరుగా మురుగుకాలువలో కలుస్తున్నది. వచ్చే వర్షాకాలానికి ముందే ఒక తొట్టి కట్టించే విషయం కమిటీ పెద్దలు ఆలోచించగలరని మనవి.