మీకు తెలుసా? ఆనకట్ట అక్కడ, ఆయకట్టు ఇక్కడ

పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని అలంపూర్ పొలాలకు నీళ్లిచ్చే రాజోలిబండ ఆనకట్ట తెలంగాణలో లేదు! తుంగభద్ర మీద, కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో ఉంది. దాని ఎడమ కాలువ పొడవు 143 కిలోమీటర్లు. అందులో మొదటి 40 కిలోమీటర్లకు పైగా అక్కడే పారి, ఆ తర్వాతే మన పొలిమేరలో అడుగుపెడుతుంది.

తుంగభద్ర కలిసే కృష్ణా నది నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఈ రాజోలిబండ పథకానికిచ్చిన 17.1 టీఎంసీల్లో తెలంగాణ వాటా 15.9, కర్ణాటకది 1.2. (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు.) మన వైపు ఆయకట్టు 87,500 ఎకరాలు. కాగితం మీద ఘనమైన వాటాయే. కాలువ చివరి ఊళ్లను అడిగితే కథ వేరు: పూడిక, లీకేజీలు, పైన తోడుకునేవాళ్లు, కింద ఎదురుచూసేవాళ్లు.

అందుకే 2018లో తుమ్మిళ్ల ఎత్తిపోతల మొదలైంది. సుంకేశుల బ్యారేజీ వెనుక నిలిచిన తుంగభద్ర నీటినే మోటార్లతో తోడి, అదే కాలువలో పోస్తున్నారు. పల్లానికి తనంతట తాను రావాల్సిన నీటికి కరెంటు బిల్లన్నమాట!

ఇక మొత్తం కృష్ణా సంగతి: ఉమ్మడి రాష్ట్రపు 811 టీఎంసీల్లో 2015 తాత్కాలిక ఏర్పాటు ప్రకారం తెలంగాణకు 299, ఆంధ్రప్రదేశ్‌కు 512. ఆ పంపకాన్ని 2023 అక్టోబరులో కేంద్రం బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పగించింది.